నీరు తీసిన పిమ్మట

వరంగల్లునకు సముద్రము లేదు. తీరమును చూడవలెనన్న 200 కిలోమీటర్లకు పైగా ప్రయాణము చేయవలెను. అయినను 2025 అక్టోబరు 28వ తేదీ రాత్రి 'మోంథా' యను తుపాను ఆంధ్రతీరమును దాటగా, మఱునాడు దాని వాన మన హనుమకొండమీదను, వరంగల్లుమీదను, చుట్టుపట్ల పల్లెలమీదను విరుచుకొనిపడెను. పల్లపు కాలనీలలోనివారు పసిబిడ్డలను భుజములమీద నెత్తుకొని పొరుగువారి మేడలెక్కిరి. వంటయిండ్లలో ఖాళీ గ్యాసుబండలు నీటిపై తేలాడినవి. బియ్యపు డబ్బాలు బోర్లపడి, నానిన బియ్యము రెండు దినములలో పులిసి వాసనవేసినది. చూచినవారికి ఆ వాసన వేఱుగా చెప్పనక్కఱలేదు.

అట్టి సమయమున ఓరుగల్లువారి చేయి పెద్దదే. పులిహోర పొట్లములు, పాలపాకెట్లు, దుప్పట్లు, చాపలు ఎవరు పిలువకయే వచ్చును. కళాశాల పిల్లలు, గుడి కమిటీవారు, మసీదువారు, చర్చివారు, వర్తకసంఘములవారు తమకు తోచిన రీతిని పరుగులిడుదురు. మొదటి వారములో అన్నము మిగిలిపోయిన వీధులు కూడ కలవు. కాని మూడవ నెలలో ఆ వీధికి వచ్చువారెవరు? ఆఱవ నెలలో ఎవరు? గోడకు పట్టిన చెమ్మ యింకను ఆఱలేదు. కుట్టుమిషను తుప్పుపట్టి మూలనున్నది. కూలికి పోయి తెచ్చిన సొమ్ము వడ్డీకి చాలుట లేదు. పొట్లములు పంచినవారందఱు తమతమ పనులకు మరలిపోయిరి. మన పాఠకసోదరీమణులతో మేము ముచ్చటింపదలచినది ఆ మూడవ నెలను గూర్చియే.

ఈ ప్రాంతమున మనమెఱిగిన ముంపులలో 2023 జూలైనాటిది ఘోరమైనది. జూలై 26, 27 తేదీలలో ములుగు జిల్లా వెంకటాపూరు మండలములోని లక్ష్మీదేవిపేటలో 24 గంటలలో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసెను. ఏడాది పొడవున పడవలసిన వానలో దాదాపు సగము ఒక్క పగలు, ఒక్క రాత్రిలో పడినదన్నమాట. భూపాలపల్లి సమీపమున మోరంచవాగు పొంగి, తెల్లవారకమునుపే మోరంచపల్లిని ముంచివేసెను. నిద్రలేచినవారికి గడపలో నీరు, గడియకు నడుములోతు నీరు, ఆ పిమ్మట ఇంటికప్పే శరణ్యము. సైన్యమువారి పడవలు, హెలికాప్టరులు వచ్చి జనమును తీసికొనిపోవలసివచ్చెను. ఏటూరునాగారము వైపున జంపన్నవాగు కొండాయి గ్రామమును ముట్టడించి ప్రాణములు బలిగొనెను. పట్టణములో నయీంనగరు నాలా పొంగి కాలనీలను ముంచినది. ఆ మాసాంతమున భద్రకాళి చెఱువుకట్టకు పోతననగరు వైపున గండిపడగా దిగువవారు మూటలు గట్టుకొని పరుగెత్తిరి. మఱుసటి సంవత్సరము, అనగా 2024 సెప్టెంబరు 1వ తేదీన, మహబూబాబాదు జిల్లాలో ఆకేరువాగు పొంగి సీతారాంతండాను నీటిపాలు చేసినది. కాకతీయరాజులు చెఱువులు త్రవ్వించి నీటిని మచ్చికచేసిన గడ్డమీద నీటికి వెఱచి బ్రదుకవలసివచ్చుట మన కాలపు వింత. చెఱువు మత్తడి పోయవలసిన దారిలో ఇండ్లు లేచిన, నీరు ఆ యిండ్ల దారినే పట్టును గదా.

ముంపు ఏమేమి తీసికొనిపోవును? అధికారులు వ్రాసికొనునది గోడలు, పశువులు, పంటల యెకరములు. ఆ లెక్క అవసరమే. కాని ఇల్లాలి లెక్క వేఱొకటి కలదు. ఏడాదికి సరిపడ దంచి పెట్టుకొన్న కారము, పసుపు, మామిడికాయ తొక్కు జాడీలు, విత్తనమునకై దాచిన కందులు, కోళ్లు, రెండు మేకలు, పిల్లల పుస్తకములు, పెండ్లినాటి పట్టుచీర, బీరువా అడుగున గుడ్డలో చుట్టి పెట్టిన కాగితములు. ఈ చివరిదానిని చాలమంది లక్ష్యపెట్టరు. పట్టాదారు పాసుబుక్కు, రేషనుకార్డు, ఆధారుకార్డు, బ్యాంకు పుస్తకము, పిల్లవాని పదవతరగతి మెమో - ఇవి తడిసి ముద్దయైనచో ఆ కుటుంబము సర్కారు కంటికి లేనట్టే. సహాయము పొందుటకు కాగితము కావలెను. కాగితము పోయినందుననే సహాయము కావలసివచ్చినది. ఈ ముడిని విప్పుటకు చదువు వచ్చిన ఒక మనిషి నాలుగు వారములు ఆ పల్లెలో కూర్చుండి దరఖాస్తులు వ్రాసిన చాలును. ఆ పని చేయు సంఘములు వేళ్లపై లెక్కింపదగినన్ని. దుప్పటి పంచుచు ఫొటో తీయించుకొనవచ్చును గాని దరఖాస్తు వ్రాయుచు తీయించుకొనుట కంత సొగసుగా నుండదు కాబోలు.

పొలముల సంగతియు నట్టిదే. వాగు ఒడ్డున నున్న మళ్లలో నీరు తీసిన పిమ్మట ఇసుకమేటలు మిగులును. మోకాటిలోతు ఇసుక తొలగింపనిదే నాటు వేయుటకు వీలులేదు. దానికి ట్రాక్టరు, మనుషులు, సొమ్ము కావలెను. పంటనష్టమునకు వచ్చు పరిహారము పంటకే చాలదు. ఇసుక నెత్తుట కెట్లు చాలును? పైగా ఆ పొలము కౌలుకు చేసిన ఇల్లాలికి పాసుబుక్కు లేదు గనుక ఆ పరిహారమైనను ఆమె చేతికి చేరుట అరుదు.

దీర్ఘకాలపు సహాయమన నెట్లుండునో తెలియుటకు తెలుగుదేశమున చూడదగిన పెద్ద ఉదాహరణము దివిసీమ. 1977 నవంబరు 19వ తేదీన తుపాను ఆంధ్రతీరము దాటినప్పుడు సముద్రము అయిదు మీటర్లకు మించిన గోడవలె లేచి పల్లెలపై పడెను. పాలకాయతిప్ప, సొర్లగొంది మొదలగు గ్రామములు తుడిచిపెట్టుకొనిపోయినవి. మృతులు పదివేలకు మించిరి. చెట్లపైనను ముండ్లకంపలలోను శవములు వ్రేలాడిన ఆ దినములను తలచుకొనుటకు ఆ సీమ వృద్ధులు నేటికిని ఇష్టపడరు. అవనిగడ్డ శాసనసభ్యుడును, అప్పటి విద్యామంత్రియు నగు మండలి వెంకటకృష్ణారావుగారు ఆ ప్రజలమధ్యనే నిలిచి పాటుపడిరి. నందమూరి తారకరామారావుగారు, అక్కినేని నాగేశ్వరరావుగారు వీథులలో తిరిగి జోలెపట్టి విరాళములు కూర్చిరి. మదర్ థెరెసా వచ్చి చూచిరి. ఇదంతయు అందఱు చెప్పుకొనునదే.

అందఱు చెప్పుకొననిది ఆ తరువాతి కథ. వచ్చినవారిలో కొందఱు వెనుకకు పోలేదు. రామకృష్ణ మిషనువారు, రాష్ట్రీయ స్వయంసేవక సంఘమువారు, క్రైస్తవ మిషనులవారు, విజయవాడలోని గోరాగారి నాస్తిక కేంద్రమువారు - దేవుని విషయమున ఒకరితో నొకరికి పొసగని వీరందఱు ఒకే సీమలో పని చేసిరి. దేవుడున్నాడని నమ్మినవారును, లేడని నమ్మినవారును ఆ బురదలో ఒకే రీతిగా మోకాళ్లలోతు దిగబడిరి. శవముల పని ముగిసిన పిదప ఇండ్లు కట్టింపవలసివచ్చెను. కట్టిన యిండ్లకు బావులు, బడి, దారి కావలసివచ్చెను. బెస్తవారికి పడవలు, వలలు కావలెను. అవి లేనిదే క్రొత్త యింటిలో కూర్చుండి ఏమి తిందురు? ఉప్పునీరు నిలిచిన పొలములను కాలువనీటితో పలుమాఱులు కడిగినగాని పైరు నిలువదు. కొన్ని నెలలతో తేలు పనికాదని అందఱికిని తెలిసివచ్చెను. గోరాగారి అనుయాయుల ఆర్థిక సమతా మండలి వంటి సంస్థలు ఉప్పెన పనితో ఆ పల్లెలలో కాలుమోపి, ఆపైన పిల్లల చదువు, ఆరోగ్యము, స్త్రీల సంఘములవైపు సాగినవి.

వీరికంటె ముందే ఈ త్రోవ త్రొక్కినవాడు ఒక పరదేశి. బెల్జియము దేశస్థుడగు మైకేల్ విండే యను జెసూట్ ఫాదరీ 1969 నాటి తుపాను తరువాత గుంటూరు ప్రాంతమునకు వచ్చి పల్లెల పునర్నిర్మాణమునకు పూనుకొనెను. ఆయన స్థాపించిన 'విలేజ్ రీకన్‌స్ట్రక్షన్ ఆర్గనైజేషన్' కు గుంటూరే కేంద్రము. ఇల్లు కట్టి యిచ్చుటకాదు, ఊరు కట్టుట తమ పనియని వారనిరి. ఆ కట్టుటలో ఊరివారి చేతులే పనిచేయవలెననిరి. చెట్లు, బావి, నలుగురు కూర్చుండు చావడి లేనిదే వరుసగా లేపిన గదులు ఊరు కానేరవు. ఈ మాటలోని నిజము తెలియవలెనన్న, వరుసగా కట్టి ఊరికి దూరముగా వదలిపెట్టిన యే పునరావాస కాలనీనైనను పోయి చూడుడు. తలుపులు తీసికొనిపోయిన గుమ్మములు, గోడలపై పిడకలు. జనము పాతచోటికే తిరిగిపోవుదురు. ఇల్లు కట్టునప్పుడు ఆ యింటి స్త్రీని అడిగినవారుండరు. పొయ్యి ఎక్కడ, దొడ్డి ఎక్కడ, నీళ్లబిందెతో ఎంతదూరము నడవవలెను, బీడీలు చుట్టుటకో మగ్గమునకో చోటున్నదా - ఈ ప్రశ్నలకు బదులు తెలియక కట్టిన యిల్లు సిమెంటు పెట్టె.

దివిసీమ ఫలితము పదుమూడేండ్లకు కనబడెను. 1990 మే 9వ తేదీన దాదాపు అంతటి తుపాను మఱల ఆ ప్రాంతముననే తీరము దాటెను. మరణించినవారు వేయికి లోపు. ముందుగా హెచ్చరిక అందుట, లక్షలాది జనమును సర్కారు తరలించుట అందుకు ముఖ్యకారణములు. నడుమ సంవత్సరములలో ప్రభుత్వమును, రెడ్‌క్రాసు మొదలగు ధర్మసంస్థలును తీరమువెంబడి కట్టించిన తుపాను రక్షణ భవనములు కూడ ఆ తరలింపునకు తోడ్పడినవి. మామూలు దినములలో బడిగా వాడుకొను ఎత్తైన గట్టికట్టడము గాలివాననాడు ఊరినంతను కాచును. బడి నడచుచుండుటచేతనే దానికి తాళము తుప్పుపట్టదు, కప్పు కురియదు. ఇట్టి ఉపాయము మన వాగులవెంట నున్న పల్లెలకును తగినదేయని మాకు తోచుచున్నది.

నిజాము రాష్ట్రపు పాతకథ యొకటి ఇచ్చట జ్ఞప్తికి వచ్చుచున్నది. 1908 సెప్టెంబరు 28న మూసీనది హైదరాబాదును ముంచినప్పుడు ఆఱవ నిజాము మహబూబు అలీఖాను తన భవనముల ద్వారములు తెఱపించి నిర్వాసితులకు నీడ నిచ్చిరి. అది మొదటి వారపు ధర్మము. విశ్వేశ్వరయ్యగారిని పిలిపించుట, ఉస్మాన్‌సాగరు 1920 లోను, హిమాయత్‌సాగరు 1927 లోను పూర్తియగుట - ఇది తరువాతి పందొమ్మిదేండ్ల ధర్మము. రెండవది ఒక ప్రభుత్వము చేయదగిన పని, చిన్నసంఘములకు అలవికానిది. కాని ఓర్పు లెక్క అదియే.

ఇక పాతచీరల ప్రసక్తి. ఏ ఉపద్రవము వచ్చినను మనము మొదట చేయుపని పెట్టె తెఱచి కట్టి విడిచిన బట్టలు ఏఱుట. ఉద్దేశము మంచిదే. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినపుడు తమిళనాటి తీరమున ఇట్టి బట్టలు రోడ్లప్రక్క కుప్పలుగా పడియుండెను. చినిగినవి, ఆ ప్రాంతమువారు కట్టనివి, జత కుదరనివి. సర్వము పోయినదనిన మాత్రమున మానము పోలేదు గదా! ఢిల్లీలో 1999లో అంశు గుప్తాగారు స్థాపించిన 'గూంజ్' అను సంస్థ ఆ కుప్పలను ఏఱి, ఉతికి, వేఱుచేసి పనికివచ్చునట్లు చేసెను. వారి పద్ధతి యేమనగా: బట్టలు ఉచితముగా పంచరు. పల్లెవారు తామే నిశ్చయించుకొని బావి పూడిక తీయుటయో, దారి వేయుటయో, కాలువ బాగుచేయుటయో చేసినచో అందుకు ప్రతిఫలముగా బట్టలు, గృహోపకరణముల మూట ఇత్తురు. ఎవరును చేయి చాపరు, పనిచేసి తీసికొందురు. కట్టుటకు పనికిరాని నూలుబట్టలను శుభ్రపఱచి స్త్రీల నెలసరికి వలయు గుడ్డలుగా కుట్టింతురు. ముంపుశిబిరములలో నున్న ఆడపిల్లలు ఈ కొఱతను ఎవరితో చెప్పుకొందురు? దాతలలో మగవారి కది తోచదు, ఆడువారు పైకి అనరు. 2015లో ఆయనకు రామన్ మెగసేసే పురస్కారము లభించినది.

ఇల్లాండ్రకు ఇంటి పనిలో అధికారమిచ్చిన చోటు లాతూరు. అది మహారాష్ట్రలో, మన నిజామాబాదు, సంగారెడ్డి జిల్లాల ఆవలనే యున్నది. 1993 సెప్టెంబరు 30వ తేదీ తెల్లవారుజామున వచ్చిన భూకంపమున ఎనిమిదివేలకు దగ్గఱగా జనము మరణించిరి. కూలినవానికి మాఱు క్రొత్తయిండ్లు, బీటలు వాఱినవానికి మరమ్మతు అని సర్కారు నిర్ణయించెను. మరమ్మతుకు సొమ్ము వచ్చుచున్నదిగాని ఎంత వచ్చునో, దేనికి వాడవలెనో పల్లెవారికి తెలియదు. అప్పుడు ప్రేమా గోపాలన్‌గారు నడపిన 'స్వయం శిక్షణ్ ప్రయోగ్' అను సంస్థ ఊరికొక స్త్రీని 'సంవాద సహాయకురాలు'గా నిలిపెను. వేయికి పైబడిన గ్రామములలో ఆ స్త్రీలు ఇంటింటికి తిరిగి, ఇంజనీరు చెప్పినది ఇరుగుపొరుగులకు తెలిపి, ఇరుగుపొరుగుల మాట ఇంజనీరునకు వినిపించిరి. గోడమూలల కట్టు ఎట్లుండవలెనో తామే నేర్చిరి. అంతకుముందు మగవారి యెదుట నోరు మెదపనివారు మేస్త్రీతో సిమెంటు పాలు తక్కువయైనదని వాదించుట చూచి జనులు ఆశ్చర్యపడిరట. ఇంటిపని ముగిసిన పిమ్మట ఆ స్త్రీలు ఇండ్లకు పోయి కూర్చుండలేదు, పొదుపుసంఘములుగా మాఱిరి. 2001లో కచ్ఛ్ భూకంపమునకు సహాయముగా పోయినవారిలో లాతూరు స్త్రీలును ఉండిరి.

ఇప్పుడు మన యింటి సంగతి. వరంగల్లు సీమకు ఈ విషయమున సిగ్గుపడవలసిన పనిలేదు. హనుమకొండ జిల్లా భీమదేవరపల్లి మండలము 'మోంథా' వాన మిక్కుటముగా కురిసిన చోట్లలో నొకటి. ఆ మండలముననే ములుకనూరు కలదు. అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డిగారు 1956లో అచ్చట స్థాపించిన సహకార బ్యాంకును దేశమంతయు ఎఱుగును. 1990 ప్రాంతమునుండి కో-ఆపరేటివ్ డెవలప్‌మెంట్ ఫౌండేషనువారి ప్రోత్సాహముతో వరంగల్లు, కరీంనగరు జిల్లాల పల్లెలలో స్త్రీల పొదుపు సహకారసంఘములు లేచినవి. నెలనెల కొద్దిపాటి సొమ్ము కూడబెట్టి, తమలో తామే అప్పులిచ్చుకొని, లెక్కలు తామే చూచుకొనుచున్నారు. 2000లో ములుకనూరు స్త్రీలే సభ్యులుగా, స్త్రీలే పాలకులుగా పాలడెయిరీ నెలకొల్పుకొనిరి. ఇవి ధర్మసంస్థలు కావు. ఒకరి దయపై నడచునవి కావు. అయినను ముంపు వచ్చిననాడు వీని విలువ తెలియును. గేదె కొట్టుకొనిపోయిన ఇల్లాలు వడ్డీవ్యాపారి గడప తొక్కవలసిన పనిలేదు. తన సంఘమున తన సొమ్మున్నది, తన మాటకు విలువయున్నది. అప్పుతో గేదెను తెచ్చిన మఱునాటినుండి పాలు పోయుటకు కేంద్రము ఊరిలోనే యున్నది. నూఱు దుప్పట్లు చేయని పని ఇది.

కాజీపేట ఫాతిమానగరులోని 'బాలవికాస' 1991లో స్థాపింపబడినది. కెనడాదేశపు దాతల తోడ్పాటుతో సింగారెడ్డి బాలథెరెసాగారును, వారి భర్త ఆంద్రే జింగ్రాసుగారును దానిని పెంచిరి. ఆ సంస్థ పద్ధతిలో మాకు నచ్చినది ఒక్కటి: పల్లెవారు తమ వాటా వేయనిదే పని మొదలుపెట్టరు. వందలకొలది గ్రామములలో నీటిశుద్ధి యంత్రములు పెట్టించినప్పుడు స్థలము, కొంత సొమ్ము, నడపు కమిటీ ఊరివే. చెఱువు పూడిక తీయించినప్పుడు త్రవ్వుకూలి సంస్థది, మట్టిని పొలమునకు తోలుకొను ఖర్చు రైతుది. ముంపు తరువాత బావులన్నియు చెడి, విరేచనములు, జ్వరములు ప్రబలు సమయమున ఊరిలో శుద్ధినీటి యంత్రమును, దానిని బాగుచేయించుటకు సిద్ధముగా కమిటీయు నుండుట ఎంతటి రక్షణయో తల్లులకు చెప్పవలెనా? పూడిక తీసిన చెఱువు వానను కొంతయెక్కువ పట్టుకొనును. ఆ లాభము వేఱు. మఱియొక విషయము. వితంతువులను శుభకార్యములకు దూరము చేయు ఆచారమునకు వ్యతిరేకముగా ఈ సంస్థ చాలకాలముగా పనిచేయుచున్నది. భర్తను వాగు తీసికొనిపోయిన పడుచుకు ఇది పిండివంటల మాటకాదు, బ్రదుకు మాట. బొట్టు తుడిచి మూలకు నెట్టినచో ఆమె ఏ సంఘమున చేరును, ఏ అప్పు అడుగును?

దీనినిబట్టి మేము గ్రహించినదేమనగా, బయటి సొమ్ము వచ్చి పడుటకు ఊరిలో నొక పాత్ర ముందే యుండవలెను. సంఘముండి, లెక్క వ్రాయువారుండి, ఒకరినొకరు అడుగగల చనువున్నచోట పది రూపాయలు పదునైదు పనులు చేయును. లేనిచోట నూఱు రూపాయలును వాననీటివలె ఒర్రెలో కలియును. పొదుపుసంఘమునకు పాత్ర కావలసినది గాలివానకు ముందే. వాన వచ్చిన పిదప సంఘము పెట్టబోవుట, ఇల్లు కాలునప్పుడు బావి త్రవ్వుటకు పూనుకొనుట వంటిది.

మేమును తప్పుచేసినవారమే గనుక చెప్పెదము. కొన్ని యేండ్లక్రిందట మా మహిళామండలి పక్షమున ఒక ముంపువాడకు వంటపాత్రలు గొనిపోయితిమి. ఆ వాడ పెద్దమనిషి యొకరు వ్రాసియిచ్చిన జాబితా ప్రకారము పంచి, హారతులందుకొని, చీకటిపడకముందే యింటికి వచ్చితిమి. పదిదినములకు తెలిసినది: అద్దెకున్న పదునాలుగు కుటుంబముల పేర్లు ఆ జాబితాలోనే లేవు. ఇండ్లు గలవారికి పాత్రలు ముందే యున్నవి. అటకపై పెట్టుకొనగా మిగిలినవి. అద్దెవారు మట్టికుండలు కొనుక్కొని వండుకొనిరి. వారిలో ముగ్గురు ఒంటరి స్త్రీలు. ఆ పెద్దమనిషిపై మాకు కోపము లేదు. ఆయనకు తెలిసినవారిని ఆయన వ్రాసెను. ఆ వాడలోని ఆడువారిని పిలిచి, 'అక్కా, ఎవరింట ఏమి పోయినది?' అని మేమడుగకపోవుట తప్పు. కౌలుదార్లు, అద్దెకున్నవారు, వలసకూలీలు, వితంతువులు - జాబితా వ్రాయువాని కలము క్రిందికి రానివారు వీరే. తిరిగి లేచుటకు ఎక్కువకాలము పట్టునదియు వీరికే.

మనసుకు తగిలిన దెబ్బను గూర్చి రెండు మాటలు. ముంపుచూచిన పిల్లలు మబ్బుపట్టినంతనే బడికి పోమని యేడ్తురు. ముసలివారు రాత్రులు లేచి గడపలో నీరున్నదేమోయని తడివి చూతురు. ఇది పిచ్చి కాదు, దయ్యము అంతకన్న కాదు. బెంగుళూరు నిమ్హాన్స్ ఆసుపత్రివారు 1999నాటి ఒడిస్సా మహాతుపాను తరువాతను, సునామీ తరువాతను పల్లెకార్యకర్తలకు శిక్షణనిచ్చి ఇట్టివారితో మాటలాడించు పద్ధతి నెలకొల్పిరి. పెద్దవైద్యుడు ఊరూర రాలేడు. అంగన్‌వాడీ టీచరమ్మయో, ఆశా కార్యకర్తయో వారమునకొకమాఱు వచ్చి కూర్చుండి వినగలదు. పిల్లలకు ఆటలు, బొమ్మలు వేయుట, బడి త్వరగా తెఱచుట మందుతో సమానము. సునామీలో బిడ్డలను పోగొట్టుకొన్న తల్లులలో చాలమంది అంతకుముందే కుటుంబనియంత్రణ శస్త్రచికిత్స చేయించుకొన్నవారు. తమిళనాడు ప్రభుత్వము వారికి మఱల సంతానము కలుగుటకు ఉచితముగా తిరుగు చికిత్స ఏర్పాటుచేసెను. దుప్పటి, పాత్ర, ఇల్లు - వీనిలో ఏదియు ఆ తల్లి కడుపుకోతను తాకలేనిది గదా. వెదకి అడిగినవారెవరో యుండిరి గనుకనే ఆ కోరిక పైకి వచ్చినది.

కొత్తవాడ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించినపుడు మనమందఱము సంతోషించితిమి. అట్టి గుంటమగ్గములో ఒక్కనాడు నీరు నిండిన, నూలు కుళ్లి, పలకలు ఉబ్బి, నెల దినములు పని నిలిచిపోవును. ఆ నెలలో అన్నము పెట్టుట దయ; ఆ మగ్గమును నిలబెట్టుట వేఱొక దయ. రెండవదానికి ఖర్చు ఎక్కువ కాదు, కాని వడ్రంగిని వెంట తీసికొనిపోవలెను, నూలు అప్పిచ్చువానితో మాటలాడవలెను, మఱల మూడుమాఱులు వచ్చి చూడవలెను. విరాళమిచ్చు సోదరీమణులు ఏ సంఘమునకైనను సొమ్ము పంపునపుడు ఎన్ని పొట్లములు పంచిరని కాక, ఆఱు నెలలకు వెనుకటి యూరికి ఎవరు పోయిరని అడుగవలెనని మా మనవి. సమాధానమిచ్చుటకు వెనుకాడు సంఘమునకు దుప్పట్లు మాత్రమే పంపుడు.

మా మండలివారు ఈ మాఱు కొంత ముందుగానే పూనుకొనిరి. పల్లపు వీథులలోని ఇంటింటికి నీరు చొరని సంచి యొకటి ఇచ్చి, కాగితములన్నియు అందులో పెట్టించి, వాని నకళ్లను ఒక చోట భద్రపఱచుట మొదటిపని. జాబితా ఆ వీథి స్త్రీలే వ్రాయుచున్నారు. అద్దెయిండ్లవారి పేర్లు మొదట. రెండవది కుట్టుమిషనులు. మూలబడిన మిషనులు పదునొకండు తేలినవి. వానిని బాగుచేయు మేస్త్రీ యొకరు కాజీపేటనుండి వచ్చుటకు ఒప్పుకొనెను. దారిఖర్చులును, మధ్యాహ్నపు భోజనమును మాత్రమే యడిగెను.